మంచం కింద 11 పెడల్స్, వచ్చిన పాటలు 3



పోస్ట్ పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. బేస్ గిటార్ సామాను గురించి రాస్తున్నా. "మన గ్రూప్‌లో ఇదేం టాపిక్ రా" అనుకునేవాళ్ళు కూడా చదవండి. మీ హాస్టల్లో గిటార్ కాకపోతే బైకో, ఫోనో, షూసో ఉండే ఉంటాయి. కథ మాత్రం ఒకటే.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. మా హాస్టల్లో బేస్ వాయించేవాళ్ళం ఐదుగురం. ఏమీ తోచక అందరి మంచాల కింద ఉన్న సామానంతా వరండాలోకి లాగి లెక్కపెట్టాం. బేస్ గిటార్లు 6. పెడల్స్ 11. చిన్న ప్రాక్టీస్ ఆంప్‌లు 3. పెద్ద ఆంప్ హెడ్ ఒకటి. స్పీకర్ క్యాబినెట్లు 3. కేబుళ్ళు లెక్కపెట్టలేదు. ఆ తర్వాత బీకాం అన్న ఒక మాట అడిగాడు. "సరే, మన ఐదుగురికీ మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వచ్చిన పాటలెన్ని?" వేళ్ళు మడుచుకుంటూ పోతే మూడు దగ్గర ఆగిపోయాం.

అందరం నవ్వాం. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ 11 పెడల్స్‌లో 3 నావి.

బేస్ అంటే తెలియని తమ్ముళ్ళూ చెల్లెళ్ళ కోసం రెండు మాటలు. మామూలు గిటార్‌కి ఆరు తీగలుంటే దీనికి నాలుగు, లావుగా ఉంటాయి. అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. అంటే సెకనుకి 41 సార్లు ఊగుతుంది. చిన్న ఫోన్ స్పీకర్‌లో ఆ శబ్దం సరిగ్గా వినపడదు కూడా. అందుకే చాలామందికి పాటలో బేస్ ఉందన్న సంగతే తెలీదు. కానీ తీసేసి చూడండి, పాట కాళ్ళు విరిగినట్టు కూలబడుతుంది. ఇళయరాజా పాటలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి కింది శబ్దం ఒక్కటే పట్టుకుని వినండి. ఆ లైన్లు చాలావరకు వాయించిన శశిధరన్ గారి పేరు మనలో ఎంతమందికి తెలుసు? నేను ఈ వాయిద్యాన్ని ఇష్టపడింది అందుకే. ముందుకి వచ్చి నిలబడదు, కానీ మొత్తాన్ని మోస్తుంది.

నా మొదటి బేస్ సెకండ్ హ్యాండ్. విశాఖలో ఒక అన్న అమ్మేస్తుంటే 8 వేలకి కొన్నా. మెస్ ఖర్చులు పోగా స్కాలర్‌షిప్‌లో మిగిలినవి కొన్ని, సెలవుల్లో క్యాటరింగ్ పనికి వెళ్ళి తెచ్చుకున్నవి కొన్ని. ఆ బేస్ గురించి నాకు ఏ బాధా లేదు. ఆరు నెలలు దానితోనే పడుకున్నా, దానితోనే లేచా. వేళ్ళ చివర తోలు గట్టిపడింది. ఆంప్ కూడా లేదు అప్పుడు. గిటార్ కొమ్ముని మంచం చెక్కకి ఆనించి, నేను చెవిని అదే చెక్కకి ఆనించి వినేవాణ్ణి.

సమస్య ఆ తర్వాత మొదలైంది. ఐదుగురం ఒకచోట చేరాం. రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుంటే మాటలన్నీ సామాను మీదే. నాలుగు తీగలా ఐదు తీగలా? బ్యాటరీ ఉన్న యాక్టివ్ మంచిదా, లేని పాసివ్ మంచిదా? మెడ మీద చెక్క రోజ్‌వుడ్ అయితే శబ్దం మెత్తగా వస్తుందా? ఒకడు కంప్రెసర్ కొంటే ఇంకొకడు ఓవర్‌డ్రైవ్ కొనాలి. ఒకడి దగ్గర డబ్బా ఒకటుంటే ఇంకొకడు దాని మీద పెట్టడానికి రెండోది తేవాలి.

ఈ కబుర్లన్నీ దండగ అనను. వాటిలో నేర్చుకున్నవి ఉన్నాయి. ఒకడి యాక్టివ్ బేస్ రెండు వారాలు సరిగ్గా మోగలేదు. సర్క్యూట్ పోయిందని మేమంతా తీర్పు చెప్పేశాం. రిపేరు షాపు ఆయన వెనక మూత తీసి 9 వోల్టుల బ్యాటరీ మార్చి ఇచ్చాడు, అంతే. వాయించడం అయ్యాక కేబుల్ పీకకపోతే లోపల బ్యాటరీ నడుస్తూనే ఉంటుంది, అలా ఖాళీ అవుతుంది. ఆ సంగతి అప్పుడు తెలిసింది. అలాగే మట్టి పట్టి మొద్దుబారిన తీగల్ని నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, బాగా ఆరబెట్టి మళ్ళీ కడితే కొన్ని వారాలు మళ్ళీ పదునుగా మోగుతాయి. కొత్త సెట్టు కొనాలంటే మనకి నెల ఖర్చు. మెస్‌లో వంట ఆంటీ "నా గిన్నెలో ఇనప తీగలేట్రా, మీకేమైనా మతిపోయిందా" అని గరిటె ఎత్తింది గానీ, పని జరిగింది. ఇలాంటి కబుర్లు కడుపు నింపుతాయి. వాయించేవాడికి వాయించేవాడు చెప్పే మాటలవి.

కానీ మా కబుర్లలో అవి పది శాతం కూడా లేవు. మిగతాదంతా ఎవడి దగ్గర ఏముంది, తర్వాత ఎవడు ఏం కొంటాడు అన్నదే.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఫిబ్రవరిలో ఒక పెడల్ మీద మనసు పడింది. ధర 9 వేలు. అమ్మకి ఫోన్ చేసి "కాలేజీలో ప్రాజెక్ట్ ఉందమ్మా, డబ్బు కట్టాలి" అన్నా. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. ప్రాజెక్ట్ అంటే ఏంటో, ఎంత అవుతుందో ఇంట్లో ఎవరికీ తెలీదు. నాకు ఆ సంగతి తెలుసు, తెలిసే ఆ మాట వాడాను. అమ్మ ఒక్కటే అడిగింది. "ఏటి నాయనా, ఎప్పటికి కావాల?" నేను వారంలో అన్నా.

వారంలో డబ్బు వచ్చింది. వేసవి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు చెల్లి చెప్పింది. చెట్ల మీది మిరియాలు కోసి ఎండబెట్టకుండానే, పచ్చిగానే సంతలో వ్యాపారికి ఇచ్చేసిందట. ఎండబెట్టి ఆగి ఉంటే ఎంత వచ్చేదో మన ఊళ్ళవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ పెడల్ నేను స్టేజీ మీద నాలుగుసార్లు తొక్కాను. మిగతా రోజులన్నీ అట్టపెట్టెలో ఉంది.

నేనొక్కణ్ణే కాదు. మాలో ఒకడు ఈఎంఐ మీద క్యాబినెట్ కొని, పరీక్ష ఫీజు ఫైన్‌తో కట్టాడు. ఇంకొకడు ఫోన్ యాప్‌లో అప్పు తీసుకుని మూడు నెలలు తెలియని నంబర్ ఏదీ ఎత్తలేదు. మేం చెడ్డవాళ్ళం కాదు, తాగుడు లేదు, తిరుగుడు లేదు. "సంగీతం కోసమే కదా" అన్న మాట ఒక్కటి చాలు, ఏ ఖర్చైనా మంచిదిలా కనిపించడానికి.

ఎందుకిలా చేశాం అని నన్ను నేను అడిగి చూసుకున్నా. ఫస్టియర్‌లో కాలేజీ కల్చరల్స్‌కి పేరిస్తే ఒకడు "మీ ఊళ్ళో కరెంటు ఉంటుందా" అని నవ్వాడు. ఇలాంటి మాట మీలో చాలామంది పడే ఉంటారు. దానికి మన దగ్గర జవాబు ఉండదు. ఎత్తుగా ఒకదాని మీద ఒకటి పేర్చిన నల్ల డబ్బాలు మాకు ఆ జవాబులా కనిపించాయి. నోరు తెరవకుండా "మేమూ ఉన్నాం" అని చెప్పొచ్చు అనిపించింది. ఆ కోరిక తప్పని నేను అనను. ఆ కోరికని అమ్మే షాపుకి మాత్రం అది బాగా తెలుసు.

ఇప్పుడు ఆగస్టు 9 సంగతి. ఆదివాసీ దినోత్సవానికి మా మండలంలో ప్రోగ్రాం. మాకు స్టేజీ ఇచ్చారు. కీబోర్డు, ప్యాడ్, బేస్ పెట్టి థింసా వాయిస్తాం, కింద గ్రౌండ్‌లో ఆడపిల్లలు ఆడతారు అని ప్లాన్. స్కూల్ గ్రౌండ్‌కి రెండు డబ్బాలు చాలు. అసలు ఒకటి చాలు, మిగతాది మైక్ సెట్ వాళ్ళ పెద్ద బాక్సులు చూసుకుంటాయి. కానీ మేం మూడు డబ్బాలూ జీపు మీద తాళ్ళతో కట్టి ఘాట్ రోడ్డు ఎక్కించాం. ఫొటోలో ఎత్తుగా కనిపించాలి కదా.

మూడూ ఒకదాని మీద ఒకటి పేర్చాం. హెడ్‌కి రెండు తగిలించి, మూడోదాన్ని రెండో డబ్బా వెనకున్న జాక్ నుంచి కలిపాం. చెక్క గురించి ఏడాది పాటు వాదించుకున్న ఐదుగురిలో ఒక్కడు కూడా హెడ్ వెనక రాసి ఉన్న లైన్ చదవలేదు. 4 ఓమ్స్‌కి తగ్గకూడదని అక్కడ స్పష్టంగా ఉంది. మా డబ్బా ఒక్కోటి 8 ఓమ్స్. అలా కలిపేకొద్దీ ఓమ్స్ తగ్గుతాయి, ఆంప్ మీద భారం పెరుగుతుంది. రెండు కలిపితే 4. అది హద్దు. మూడు కలిపితే సుమారు 2.7.

మొదటి పాట నడిచింది. రెండో పాట మధ్యలో హెడ్ మీద ఎర్ర లైటు వెలిగింది. కాలిపోకుండా తనను తాను ఆపేసుకుంది. బేస్ లేదు. బేస్ పోయిన కంగారులో ప్యాడ్ వాయించేవాడు తాళం తప్పాడు, కీబోర్డు ఆగిపోయింది.

ఆట మాత్రం ఆగలేదు. స్టేజీ పక్కన, మా తర్వాత వంతు కోసం కూర్చున్న పక్క ఊరి తాత తుడుము ఎత్తుకున్నాడు. ఆయన వెనక కిరిడి, మోరి కలిశాయి. అమ్మాయిల అడుగు ఒక్కటి కూడా తప్పలేదు. మేం ఆరడుగుల డబ్బాల ముందు ఆగిపోయిన గిటార్లతో బొమ్మల్లా నిలబడి చూశాం. నాకు సిగ్గేసింది. కానీ అంతకన్నా ఎక్కువగా చెవి అటే లాగింది. ఆ తుడుము చేస్తున్న పని ఏంటో నాకు తెలుసు. అది నేను చేయాల్సిన పనే.

ప్రోగ్రాం అయ్యాక తాత దగ్గరికి వెళ్ళా. పొద్దున నిప్పు సెగకి తుడుము చర్మం బిగించడం చూశాను కాబట్టి దాని గురించి అడిగా. మాటల్లో అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది. "ఎంతయింది తాతా ఇది?"

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. "ఎంతేటి? ఊరిది" అన్నాడు.

చర్మం చిరిగితే ఇంటింటికీ ఇంత అని వేసుకుంటారట. ఇప్పుడు ఆయన ఇంట్లో ఉంది, అంతకుముందు ఇంకొకాయన ఇంట్లో ఉండేది. తడవకుండా చూసుకోవడం ఎవరింట్లో ఉంటే వాళ్ళ బాధ్యత. "మరి ఎవరు వాయిస్తారు?" అంటే, "ఎవులికి చెయ్యి తిరిగితే ఆలే" అన్నాడు. అప్పటికి మా హెడ్ చల్లారి మళ్ళీ వెలిగింది. ఎవరూ వాయించడానికి వెళ్ళలేదు.

ఈ మాట చెప్పగానే కొందరు అన్నలు "అదే కదా మేం మొదట్నుంచీ చెప్తున్నది, గిటార్ మనది కాదు, తుడుము పట్టుకోండి" అంటారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. గిటార్ వదలమని నేను చెప్పడం లేదు.

ఎలక్ట్రిక్ బేస్ ఏ రాజుల ఇంట్లోనూ పుట్టలేదు. అమెరికాలో రేడియోలు రిపేరు చేసుకునే లియో ఫెండర్ అనే ఆయన 1951లో ప్రెసిషన్ బేస్ అమ్మకానికి తెచ్చాడు. అంతకుముందు బేస్ వాయించాలంటే మనిషంత ఎత్తు వాయిద్యాన్ని మోసుకు తిరగాలి. దాన్ని భుజానికి తగిలించుకునేలా చేశాడు. మెడ మీద మెట్లు ఉండటం వల్ల స్వరం కచ్చితంగా పడుతుందని ఆ పేరు. దాన్ని గొప్ప వాయిద్యం చేసినవాళ్ళలో మొదట చెప్పుకోవాల్సింది జేమ్స్ జేమర్సన్. నల్లజాతివాడు. దక్షిణ కరోలినాలో పుట్టి, డెట్రాయిట్ చేరి, మోటౌన్ కంపెనీ రికార్డులకి వాయించాడు. ఏళ్ళ తరబడి ఆ రికార్డుల అట్టల మీద వాయించినవాళ్ళ పేర్లే వేయలేదు. ఆయన పేరు తెచ్చుకున్నది చాలావరకు ఒక్క 1962 ప్రెసిషన్ బేస్‌తో. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితో మీటేవాడు. స్టూడియోలో ఆంప్ కూడా లేకుండా నేరుగా రికార్డింగ్ బోర్డుకి తగిలించేవాడు. పెడల్స్ ఎన్ని అంటారా? ఆ శబ్దం కోసం ఈరోజు జనం లక్షలు పోస్తున్నారు, ఆయన దగ్గర ఉన్నది మాత్రం అంతే.

ఇటు మనవాళ్ళనే చూడండి. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు కోయ వీరుల కథల్ని తలలో మోశారు. ఆయన డోలు ఏ కంపెనీది అని ఎవరూ అడగలేదు.

కాబట్టి వాయిద్యం ఎవరిది అన్న గొడవ నాకు పెద్దది కాదు. దాన్ని ఎలా ఉంచుకుంటున్నాం అన్నదే గొడవ. తుడుము ఊరిది, అందుకే అది మోగుతుంది. మా 6 బేస్‌లు ఆరు తాళాల కింద ఉన్నాయి, అందుకే మోగవు. ఫస్టియర్ తమ్ముడు ఒకడు నేర్పమని రెండుసార్లు వచ్చాడు. గీతలు పడతాయని నేనే ఇవ్వలేదు. నాకు ఫస్టియర్‌లో ఎవరైనా అలా చేసి ఉంటే ఎంత బాధపడేవాణ్ణో!

ఇంకా, పేర్చడం మీద నమ్మకం ఉన్నవాళ్ళకి ఒక లెక్క. ఆంప్ వాట్లు 50 నుంచి 100 చేస్తే శబ్దం రెండింతలు కాదు. పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెండింతలు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల వాట్లు కావాలి. 1969లో ఆంపెగ్ కంపెనీ 300 వాట్ల ఎస్‌వీటీ ఆంప్‌ని, ఎనిమిదేసి స్పీకర్ల పెద్ద డబ్బాల్ని తెచ్చింది. ఆ డబ్బాని వాయించేవాళ్ళు ఇప్పటికీ ఫ్రిజ్ అంటారు. అది పెద్ద పెద్ద స్టేజీల కోసం చేసింది. మనకి హాస్టల్ రూమ్, చర్చి హాలు, స్కూల్ గ్రౌండ్. డబ్బా మీద డబ్బా పెడితే ఒక లాభం నిజంగానే ఉంది. పై స్పీకర్ చెవి ఎత్తుకి వస్తుంది, మన వాయింపు మనకి బాగా వినిపిస్తుంది. ఉన్న ఒక్క డబ్బాని బల్ల మీద పెడితే ఆ లాభమూ వచ్చేస్తుంది. బల్ల హాస్టల్‌దే, ఖర్చు లేదు.

మా ఐదుగురం కూర్చుని అనుకున్నది ఇది. ఉమ్మడి సామాను పెడదాం. రెండు బేస్‌లు, ఒక ఆంప్, ఒక డబ్బా, ఒక ట్యూనర్, మైక్ సెట్‌కి నేరుగా కలపడానికి ఒక డీఐ బాక్స్, రెండు మంచి కేబుళ్ళు. మిగతావి అమ్మేద్దాం. అప్పున్నవాడి అప్పు ముందు తీరాలి. ఒక నోటుబుక్ ఉంటుంది, ఎవరు తీసుకెళ్ళారో, ఎప్పుడు తెచ్చారో అందులో రాయాలి. నెలకి ఒకరి వంతు, ఆ నెల పాడైతే వాళ్ళే జవాబు చెప్పాలి. డబ్బా వెనక, హెడ్ వెనక ఓమ్స్ ఎంతో పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి అంటించాలి. ఎవరైనా కొత్తది కొనాలనుకుంటే ముందు అలాంటిది ఒక నెల అరువు తెచ్చి వాయించాలి, దానితో పూర్తిగా నేర్చుకున్న పాట ఒకటి అందరి ముందు వాయించి చూపించాలి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే సంతోషంగా కొనుక్కోవచ్చు, అడ్డు చెప్పం.

"ఉమ్మడి సొమ్ము ఎవరికీ పట్టదు, మూడు నెలల్లో ముక్కలవుతుంది" అని మాలోనే ఒకడు అన్నాడు. ఆ భయం నిజమే. హాస్టల్ క్యారమ్స్ బోర్డు గతి చూశాం. కానీ తాత చెప్పినదాంట్లో "ఊరిది" ఒక్కటే కాదు, "మా ఇంట్లో ఉంది" కూడా ఉంది. అందరిదీ అయినా, ఫలానా రోజు ఫలానా ఇంటి చూరు కింద ఉంటుంది. అందుకే ఆ వంతు, ఆ నోటుబుక్. అయినా పాడవుతుందా? అవ్వొచ్చు. మంచం కింద అట్టపెట్టెలో ఉన్నా పాడవుతూనే ఉంది కదా.

బాలికల హాస్టల్ నుంచి ఇద్దరు చెల్లెళ్ళు నేర్చుకుంటాం అన్నారు. ఒక బేస్ వారం అక్కడ, వారం ఇక్కడ ఉంటుంది. దసరా సెలవుల్లో తాత దగ్గరికి ఇద్దరం వెళ్తున్నాం. తుడుము దెబ్బల్ని బేస్ తీగల మీద ఎలా పట్టాలో ఆయన పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఈసారి జీపు మీద ఏ డబ్బాలూ ఉండవు.

నా పెడల్స్ రెండు అమ్మాను. 9 వేలు పెట్టి కొన్నది ఐదున్నర వేలకి పోయింది. డబ్బు అమ్మకి పంపించి, ఫోన్‌లో నిజం చెప్పా. ప్రాజెక్ట్ లేదు, ఏమీ లేదు, ఒక ఇనప డబ్బా కొనుక్కున్నా అని. చాలాసేపు అటు నుంచి మాట లేదు. తర్వాత "అది వాయిస్తే ఎలాగుంటాదిరా?" అని అడిగింది. అది అమ్మేశానమ్మా, గిటార్ ఉంది, పండగకి తెచ్చి వినిపిస్తా అన్నా. "సరే, తే" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వేరే హాస్టళ్ళలో వాయించేవాళ్ళు ఉంటే, గిటారే కాదు ఏ వాయిద్యమైనా, మీ దగ్గర సామాను ఎలా ఉంచుకుంటున్నారో రాయండి. ఉమ్మడిగా నడిపి చెడిపోయిన అనుభవం ఉన్నా దాచకుండా చెప్పండి, మాకు పనికొస్తుంది. వాడని కేబుళ్ళు ఎవరి దగ్గరైనా ఉంటే మాకు ఇంకొకటి కావాలి.

జోహార్.